అత్త అడిగిన కాయితం

మా చిన్నప్పుడు వాగు రంగు చూసి మిల్లులో ఆ రోజు ఏ కాగితం తీస్తున్నారో చెప్పేవాళ్ళం. పసుపు పారితే ఫైళ్ళ అట్టలు. గులాబీ పారితే రసీదు పుస్తకాల కాగితం. ఏ రంగూ లేని రోజున గోధుమరంగు నురగ. మాది తెలంగాణలో ఒక చిన్న కాగితం మిల్లు ఉన్న ఊరు. మా నాన్న ఆ మిల్లు టైమాఫీసులో గుమాస్తా. ఆ జీతంతోనే నేను చదువుకున్నాను. అంచులు కోసేయగా మిగిలిన తెల్లకాగితాల్ని నాన్న ఇంటికి తెచ్చి, దబ్బనంతో కుట్టి నోటుపుస్తకాలు చేసి ఇచ్చేవాడు. నా మొదటి కథ రాసింది అలాంటి పుస్తకంలోనే. కాగితం తెల్లగా మా ఇంటికి వచ్చేది. దాన్ని అంత తెల్లగా చేసిందేదో వాగులోకి పోయేది. ఈ రెండూ ఒకటే సంగతని నాకు చాలా ఏళ్ళు తోచలేదు.

2023 శరదృతువులో అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని నాషువా పట్నంలో మా అమ్మాయి దగ్గర మూడు నెలలున్నాను. ఒక సాయంత్రం మా మనవరాలు బడి లైబ్రరీ నుంచి ఒక బొమ్మల పుస్తకం తెచ్చింది. లిన్ చెర్రీ రాసి బొమ్మలు వేసిన 'ఎ రివర్ రాన్ వైల్డ్', 1992లో వచ్చిన పుస్తకం. ఒక పేజీలో కాగితం మిల్లుల పక్క నుంచి రంగు నీళ్ళతో పారుతున్న నది ఉంది. "అమ్మమ్మా, ఇది మన రివరే. ఇప్పుడు క్లీన్ అయింది" అంది పిల్ల. నేను ఆ పేజీని చాలాసేపు తిప్పలేదు. అది మా వాగు!

ఆ నది పేరు కూడా నాషువానే. అది ఎలా బాగుపడిందో తెలుసుకోవాలనిపించింది. ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని కదా, అలవాటు పోదు. లైబ్రరీలు తిరిగాను. నది వెంట పాత రైలుకట్ట మీద 2002లో వేసిన నడకబాట ఉంది. అక్కడ మన తెలుగు అమ్మమ్మలూ, నాయనమ్మలూ పంజాబీ డ్రస్సుల కింద బూట్లు వేసుకుని నడుస్తుంటారు. వాళ్ళతో పాటు నడుస్తూ నీళ్ళు చూశాను. తెలుసుకున్నది మీతో పంచుకోవాలని ఈ వ్యాసం. దీని వెనక నేను తీర్చని బాకీ ఒకటుంది. అది చివర్లో చెబుతాను.

నది కథ కాలుష్యంతో మొదలుపెడతారు చాలామంది. అది సగం కథే. 'నాషువే' అన్నది ఆ ఒడ్డున బతికిన ఆదివాసుల పేరు. అడుగున గులకరాళ్ళున్న నది అని దానికి అర్థం చెబుతారు. అంటే అడుగు కనబడేంత తేటగా ఉండేదన్నమాట. నది రెండు పాయలూ కలిసేచోట వలస వచ్చిన ఇంగ్లీషువాళ్ళు కట్టుకున్న ఊరు లాంకాస్టర్. ఆదివాసులకూ వలసవాదులకూ 1675-76లో జరిగిన యుద్ధంలో, 1676 ఫిబ్రవరిలో ఆ ఊరి మీద దాడి జరిగింది. మేరీ రోలాండ్‌సన్ అనే ఆమె బందీగా చిక్కి, విడుదలయ్యాక తన అనుభవాన్ని రాసింది. 1682లో అచ్చయిన ఆ పుస్తకాన్ని అమెరికన్ సాహిత్యంలో స్త్రీలు రాసిన తొలి వచన రచనల్లో ఒకటిగా చెబుతారు. బందీగా ఆమె సేవ చేసింది వీటమూ అనే మరో స్త్రీ ఇంట్లో. వీటమూ తన జనానికి నాయకురాలు. అదే ఏడాది ఆగస్టులో, తరిమే సైన్యాల నుంచి తప్పించుకుంటూ వేరే నదిలో మునిగి చనిపోయింది. రోలాండ్‌సన్ పుస్తకం మిగిలింది. వీటమూ మాట మనదాకా రాలేదు. కాగితం ఎవరి చేతిలో ఉంటే వారి కథే చరిత్ర అని మనం తరచూ అనుకుంటాం కదా, ఈ నది ఒడ్డున దానికి ఇంత పాత సాక్ష్యం ఉంది.

తర్వాత మిల్లులొచ్చాయి. ఉత్తరపు పాయ మీద ఫిచ్‌బర్గ్ కాగితపు పరిశ్రమకు కేంద్రమైంది. దక్షిణపు పాయకు అడ్డంగా బోస్టన్ నగరం తాగునీటికోసం 1897లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1905లో పూర్తిచేశారు. వాచూసెట్ రిజర్వాయర్ కింద ఇళ్ళూ, బళ్ళూ, మిల్లులూ మునిగిపోయాయి. తేటనీరు నగరానికి పోయింది. నదికి మిగిలినవి మిల్లు నీళ్ళూ, ఊళ్ళ మురుగూ. మంచినీళ్ళు పైన ఆపుకుని, కింద మురుగు వదిలి, ఆ తర్వాత నదిని అసహ్యించుకోవడం మూసీ ఒడ్డున బతికే మనకు కొత్త కాదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్ళు తాగిన నగరమే కదా మూసీ వంతెన మీద ముక్కు మూసుకునేది!

1960ల నాటికి నాషువా దేశంలో అతి మురికి నదుల్లో పదింటిలో ఒకటి. మిల్లులో వాడిన రంగును బట్టి ఒకరోజు ఎరుపు, ఒకరోజు ఆకుపచ్చ. నీటి నాణ్యతను బట్టి ప్రభుత్వం నదులకిచ్చే తరగతుల్లో దానికి దక్కింది 'యు'. అంటే ఇంకా మురుగు కలపడానికి కూడా పనికిరానిదని. మురుగుకాలవకైనా ఇంతకంటే మర్యాద ఉంటుంది.

1962లో మేరియన్ స్టాడర్ట్ అనే స్త్రీ కుటుంబంతో పాటు ఈ నదికి దగ్గర్లోని గ్రోటన్ ఊరికి వచ్చింది. వయసు ముప్పై నాలుగు. పిల్లల తల్లి. ఆమె గురించి రాసిన ప్రతివాళ్ళూ మొదట వాడే మాట 'గృహిణి'. ఆ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను. ఆమె ఈ నదిని బాగుచేయాలనుకుంది. ఇక దీంతో లాభం లేదని పెద్దలందరూ వదిలేసిన నదిని!

ఎలా చేసింది? నాకు ఆసక్తి ఇక్కడే. ధర్నాలతో మొదలుపెట్టలేదు. ఊరూరా తిరిగింది. లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్ సభ్యురాళ్ళతో, తోటల క్లబ్బులతో, చర్చి బృందాలతో మాట్లాడింది. 1960ల మధ్యలో నది శుభ్రతా కమిటీ ఒకటి పెట్టుకున్నారు. సంతకాలు సేకరించారు. నది నీళ్ళు సీసాలో పట్టి గవర్నర్ జాన్ వోల్పీకి తీసుకెళ్ళి ఇచ్చారు. నది బాగుపడేదాకా ఈ సీసా మీ బల్లమీదే ఉంచుకోండి అని అడిగారు. 1966లో మసాచుసెట్స్ రాష్ట్రం శుభ్రజలాల చట్టం చేసింది. 1969లో ఆ కమిటీ 'నాషువా రివర్ వాటర్‌షెడ్ అసోసియేషన్'గా మారింది. ఆ పేరులో నది ఒక్కటే లేదు, నదిలోకి నీరు చేరే నేలంతా ఉంది. వాన ఎక్కడ పడి ఏ వాలున పారి నదిలో కలుస్తుందో ఆ పరీవాహక ప్రాంతమంతా ఒకటేనని వాళ్ళ వాదన. ఊళ్ళ హద్దులు, రాష్ట్రాల హద్దులు నీటికి తెలియవు. మసాచుసెట్స్ ఊళ్ళు వదిలిన మురుగు న్యూ హాంప్‌షైర్‌లో తేలుతుంది. కాబట్టి రెండు రాష్ట్రాల మనుషులూ ఒకే సంఘంలో కూర్చోవాలి.

ఆ సంఘంలోకి ఆమె మిల్లు యజమానులనూ పిలిచింది. మేయర్లనూ, పక్కనే ఉన్న ఫోర్ట్ డెవెన్స్ సైనికాధికారులనూ పిలిచింది. ఇది నాకు మొదట మింగుడుపడలేదు. నది చంపినవాళ్ళతో కలిసి కాఫీ తాగడమేమిటి? కానీ ఫలితాలు చూస్తే కొట్టిపారేయలేం. 1972లో కేంద్రం శుభ్రజలాల చట్టం చేసినప్పుడు, మురుగునీటి శుద్ధి కేంద్రాల నిర్మాణఖర్చులో 75 శాతం దాకా కేంద్రం ఇచ్చే వీలు కలిగింది. అప్పటికే ఈ సంఘం చేతిలో మ్యాపులున్నాయి, ప్రణాళిక ఉంది, ఊళ్ళను ఒప్పించిన పరిచయాలున్నాయి. డబ్బు వచ్చేసరికి పని సిద్ధంగా ఉంది. 1970లలో శుద్ధి కేంద్రాలు ఒక్కొక్కటే లేచాయి. 1974లో సైన్యం చేతిలోని భూమి కొంత ఆక్స్‌బో వన్యప్రాణి సంరక్షణ ప్రాంతమైంది. నదికి రెండువైపులా కట్టడాలు లేని పచ్చని పట్టీ మిగల్చాలన్న ఆలోచన కోసం చెక్కలు చెక్కలుగా భూమి కాపాడుతూ వచ్చారు. 1987లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఆమెకు 'గ్లోబల్ 500' పురస్కారం ఇచ్చింది. 2019లో నాషువా, దాని ఉపనదులు రెండింటి భాగాలకు చట్టరీత్యా జాతీయస్థాయి రక్షణ దొరికింది. 'యు' తరగతి నదికి!

ఇదొక్కటే అయితే ఒక అసాధారణ స్త్రీ కథ అనుకుని ఊరుకునేదాన్ని. కానీ చదువుతున్నకొద్దీ ఇలాంటివే ఎదురయ్యాయి. దేశానికి అవతలి ఒడ్డున, మన తెలుగువాళ్ళు వేలల్లో ఉంటున్న శాన్‌ఫ్రాన్సిస్కో ఖాతం సంగతి చూడండి. అక్కడ సముద్రపు నీరూ, లోపలి నుంచి వచ్చే నదుల నీరూ కలుస్తాయి. 1961లో బర్కిలీ నగరం ఖాతంలో రెండువేల ఎకరాలు మట్టితో పూడ్చి నగరాన్ని పెంచుకోవాలనుకుంది. ఇలాగే పూడుస్తూ పోతే 2020 నాటికి ఖాతం ఒక నదిపాయంత మిగులుతుందని చూపే మ్యాపు పత్రికలో వచ్చింది. అది చూసి కే కెర్, సిల్వియా మెక్‌లాఫ్లిన్, ఎస్తర్ గ్యులిక్ అనే ముగ్గురు స్నేహితురాళ్ళు కదిలారు. పేరున్న పర్యావరణ సంఘాల పెద్దలను గ్యులిక్ ఇంటికి పిలిచి సంగతి వివరించారు. పెద్దలందరూ చాలా ముఖ్యమైన పని అన్నారు. మాకు అడవులున్నాయి, పక్షులున్నాయి, తీరిక లేదన్నారు. మీకు శుభం కలగాలని దీవించి, తమ సభ్యుల చిరునామాలు ఇచ్చి లేచారు. ముగ్గురూ ఆ చిరునామాలకు ఉత్తరాలు రాశారు. సభ్యత్వం ఒక్క డాలరు. ఆ సంఘమే ఈనాటి 'సేవ్ ద బే'. 1965లో రాష్ట్ర చట్టసభ ఖాతం పూడికల మీద నియంత్రణకు తాత్కాలిక సంస్థను ఏర్పరచింది. 1969లో అది శాశ్వతమైంది. పూడ్చడం ఆగింది.

సరస్సుల విషయంలోనూ అంతే. ఈరీ మహాసరస్సు చచ్చిపోయిందని పత్రికలు రాస్తున్న రోజుల్లో, 1963లో, లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్ శాఖలు కలిసి ఈరీ పరీవాహక కమిటీ పెట్టుకున్నాయి. ఆ సరస్సులో కలిసే కయహోగా నది 1969లో మంటలంటుకుని ప్రపంచానికి తెలిసింది. అంతకు ఆరేళ్ళ ముందే ఆ స్త్రీలు శుద్ధి కేంద్రాల లెక్కలు చదువుతున్నారు. ఓటుహక్కు సాధించిన ఏడాది, 1920లో, పుట్టిన సంఘమది. ఓటు వచ్చాక ఏం చేయాలన్న ప్రశ్నకు వాళ్ళు వెతుక్కున్న జవాబుల్లో నీరు ఒకటి.

ఇప్పుడు 'గృహిణి' అన్న మాట దగ్గరికి వద్దాం.

ఈ కథలన్నిటిలో ఆ మాట ఒక ఆశ్చర్యార్థకంలాగా వాడతారు. వంటింటి మనిషి నదిని బాగుచేసిందట! ఎస్తర్ గ్యులిక్ ఆ సమావేశంలో పెట్టిన బాదం బిస్కెట్ల గురించి ఎంతమంది రాశారో! ఆ తర్వాత ఆ ముగ్గురు చదివిన భూమి దస్తావేజుల గురించి, రాత్రుళ్ళు అతికించిన కవర్ల గురించి, హాజరైన లెక్కలేనన్ని మునిసిపల్ సమావేశాల గురించి రాసినవాళ్ళు తక్కువ. జీతం లేదు కాబట్టి అది పని కాదు, ఉత్సాహం. అనుభవం అనరు, ఓపిక అంటారు. ఇంటిచాకిరీకి పెట్టిన పేర్లే నదికి చేసిన చాకిరీకీ పెట్టారు. స్టాడర్ట్ మీద తీసిన డాక్యుమెంటరీ పేరుకు 'వెయ్యిమంది పని' అని అర్థం. గౌరవంతో పెట్టిన పేరే. కానీ ఆ మిగతా తొమ్మిదివందల తొంభైతొమ్మిది మంది ఎవరు? సంతకాల కాగితాలు పట్టుకుని తలుపులు తట్టినవాళ్ళు, పిల్లల్ని పక్కింట్లో దించి మీటింగులకు వెళ్ళినవాళ్ళు ఏరీ? ఒక స్త్రీని ఆకాశానికెత్తడం కూడా చాలామంది స్త్రీలను చరిత్రలోంచి తీసేసే పద్ధతే.

ఇంకోవైపు కూడా నిజాయితీగా చూడాలి. కే కెర్ భర్త కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడు. మిగతా ఇద్దరి భర్తలూ ఆ విశ్వవిద్యాలయంలో పెద్దవాళ్ళే. వాళ్ళకు గవర్నర్ దాకా దారి తెలుసు. ఇంట్లో కూర్చునే తీరిక, ఖాతం కనబడే కిటికీ ఉన్నాయి. పగలంతా మిల్లులో నిలబడిన స్త్రీకి అవి లేవు. కాగితాన్ని పాతగుడ్డలతో చేసే రోజుల్లో, ఆ గుడ్డల్ని ఏరి, గుండీలు తీసి, ముక్కలు కోసే గది అంతా ఆడవాళ్ళదే. దుమ్ముతో నిండిన గది. నది గురించి వాళ్ళేమనుకున్నారో నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు. మిల్లు నీళ్ళు ఆగితే మిల్లే ఆగుతుందేమోనని వాళ్ళ భయం. ఆ భయం నాకు తెలుసు. మా ఇంట్లో అది నాన్న కంచం పక్కనే కూర్చునేది.

మరొకటి. నాషువా కథ సుఖాంతం కాదు. ఇది నాకు ఆ సంఘంమీద గౌరవం పెంచింది. పెద్దవాన పడితే పాత పట్టణాల్లో వాననీరూ మురుగూ ఒకే గొట్టంలో పొంగి నదిలో కలిసే సమస్య ఉంది. పక్కనున్న ఏయర్ ఊరి మంచినీటి బావుల్లో పీఫాస్ రసాయనాలు బయటపడి 2018లో కొన్ని బావులు మూశారు. అందుకే ఆ సంఘం ఇప్పటికీ ఉంది. కార్యకర్తలు సీసాలు పట్టుకుని నీటి నమూనాలు తీస్తారు. బడిపిల్లల్ని పడవల్లో తిప్పుతారు. ఊళ్ళో కొత్త కట్టడానికి అనుమతి అడిగితే వెళ్ళి కూర్చుని వింటారు. నదిని కాపాడడమంటే అంట్లు తోమడం లాంటిది. నిన్న తోమాం కదా అంటే కుదరదు. బహుశా అందుకే అది ఆడవాళ్ళకు ముందుగా అర్థమైందేమో. ఆడవాళ్ళకు ప్రకృతి అంటే సహజంగా ప్రేమ అనే మాట నేను నమ్మను. రోజూ చేస్తేనే గాని నిలవని పని ఎలా ఉంటుందో వాళ్ళకు తెలుసు, అంతే.

మనదేశంలోనూ నీటి కాలుష్య నివారణ చట్టం 1974లోనే వచ్చింది. అమెరికా చట్టానికి రెండేళ్ళ తర్వాత. మన రాష్ట్రంలో కాలుష్య నియంత్రణ మండలి 1976లో ఏర్పడింది. మరి తేడా ఎక్కడ? అమెరికా చట్టంలో మొదటినుంచే పౌరులు నేరుగా కోర్టుకు వెళ్ళే వీలుంది. మన చట్టంలో 1988 సవరణ దాకా మామూలు మనిషి తనంతట తాను వెళ్ళి ఫిర్యాదు చేసే దారి లేదు.  చట్టం ఉంటే చాలదు, దాని పక్కన రోజూ కూర్చునే సంఘం కావాలి. పటాన్‌చెరు దగ్గర నక్కవాగు విషయంలో డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్ళు దశాబ్దాలు అలా కూర్చున్నారు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ కాగితాల్లో ఎండిన పొలాల లెక్కలున్నాయి, చచ్చిన పశువుల లెక్కలున్నాయి. ఆ వాగులో చేతులు పెట్టి బతికిన ఆడవాళ్ళ మాటల కోసం మాత్రం వెతుక్కోవాలి.

ఇక నా బాకీ.

మా వాడకట్టు బట్టలన్నీ ఉతికే ఆమెను మేం అత్తా అని పిలిచేవాళ్ళం. ఆమెది చాకలి కులం, మాది కాదు. ఊళ్ళో వరసలు అలాగే ఉండేవి. వరస ఉండేది గానీ మా ఇంట్లో ఆమెకు వేరే గ్లాసు కూడా ఉండేది. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. ఆమె వాగులోనే ఉతికేది. నీళ్ళలో నిలబడి నిలబడి ఆమె పాదాలు పగిలి, వేళ్ళ సందులు పుళ్ళు పడ్డాయి. తెల్లబట్టలకు మరకలు పడితే మేమే ఆమెను కోప్పడేవాళ్ళం.

1981లో నేను ఇంటర్ రెండో సంవత్సరం. ఒక మధ్యాహ్నం అత్త మా అరుగు మీద కూర్చుని, "బిడ్డా, నువ్వు సదువుకున్నదానివి. కలెక్టరుకు ఒక కాయితం రాసియ్యి. నీళ్ళల్ల కాళ్ళు పెడితే మండుతున్నయని రాయి. మేమందరం ఏలుముద్రలేస్తం" అంది. రాస్తానన్నాను. ఆ రాత్రి నాన్నకు చెప్పాను. నాన్న కోప్పడలేదు. అన్నం కలుపుతూ, "నీ చేతిరాత ఆఫీసుల అందరికీ ఎరుకే" అన్నాడు, అంతే. నాన్నకు అప్పటికి ఇంకా ముగ్గురు పిల్లలున్నారు చదివించాల్సినవాళ్ళు. అత్త రెండుసార్లు అడిగింది. రేపు రాస్తా అత్తా అన్నాను. ఆ తర్వాత డిగ్రీకి హాస్టల్‌కు వెళ్ళిపోయాను. ఆమె మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. సెలవుల్లో వస్తే "బాగున్నవా బిడ్డా" అనేది, అదే ప్రేమతో.

నేను రాయలేదు. రాస్తే వాగు బాగుపడేదా? బహుశా కాదు. 1981లో ఆ కాయితం ఏ ఫైల్లోనో పడి ఉండేది. కానీ ఫైల్లో ఉండేది! నలభై ఏళ్ళ తర్వాత నాలాంటి ఒకామె వెతికితే దొరికేది. ఫలానా సంవత్సరం ఫలానా ఊళ్ళో ఇంతమంది ఆడవాళ్ళు వేలిముద్రలు వేసి మా కాళ్ళు మండుతున్నాయని చెప్పారని చరిత్రలో ఉండేది. స్టాడర్ట్ సీసా గవర్నర్ బల్లమీదికి చేరింది. మా అత్త మాట మా అరుగు దాటలేదు. దాటించాల్సిన చేయి నాది. ఆ చేతికి కాగితం ఇచ్చింది మిల్లు. ఇన్నేళ్ళూ స్త్రీల మౌనం గురించి ఎన్ని సెమినార్లలో మాట్లాడానో! అత్త మౌనంగా లేదు. అడిగింది. మౌనంగా ఉన్నది నేను.

1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' మా తరానికి ఒక దారి చూపించింది. తెలంగాణ సాయుధపోరాటంలోని స్త్రీల దగ్గరికి వెళ్ళి కూర్చుని, వాళ్ళ మాటల్ని వాళ్ళ మాటల్లోనే రాసుకోవచ్చని నేర్పింది. ఆ పుస్తకాన్ని ఏళ్ళ తరబడి క్లాసులో పాఠంగా చెప్పాను. కానీ మా వాగు దగ్గరికి ఎప్పుడూ పట్టుకెళ్ళలేదు.

తిరిగొచ్చాక, 2024 చలికాలంలో, ఇద్దరు పాత విద్యార్థినులతో మా ఊరికి వెళ్ళాను. నాన్న లేడు. అత్త కూడా లేదు. వాగులో బట్టలుతికే పని ఎప్పుడో పోయింది. పాతతరం ఆడవాళ్ళు పద్నాలుగు మంది దొరికారు. ఏ ఏడు ఏ రంగు నీళ్ళు వచ్చాయి, చేపలు ఎప్పుడు పోయాయి, బతుకమ్మలు వాగులో వేయడం ఎందుకు మానేసి చెరువుకు పోవడం మొదలుపెట్టారు, ఎవరికి ఎలాంటి పుళ్ళు లేచాయి, అన్నీ అడిగి రాసుకున్నాం. ఏడు చెప్పలేకపోతే పెద్దకొడుకు పుట్టిన ఏడాది, మామ పోయిన ఏడాది అని చెప్పారు. ఆ లెక్కలు సరిపోల్చుకుంటే రంగులు ఎప్పటినుంచి వచ్చాయో చాలావరకు తేలింది. నాషువా ఆడవాళ్ళు మీటింగుల్లో రాసుకున్న మినిట్స్‌కు మా దగ్గర సమానమైనది ఇదే. మీ ఊళ్ళో కూడా ఒక చెరువో వాగో ఉండే ఉంటుంది. దాని చుట్టూ చిన్న కమిటీలు పుడుతూ పోతూ ఉంటాయి. వాటి కాగితాలు పారేయొద్దని మీ అందరినీ అడుగుతున్నాను. రేపు ఎవరైనా మొదలుపెట్టాలంటే మొదటిపేజీ నుంచి మొదలుపెట్టాల్సిన పని లేకుండా ఉండాలి.

అత్త కూతురు ఇప్పుడు ఊరి బస్టాండు దగ్గర ఇస్త్రీ బండి నడుపుతోంది. నా ఈడుది. వాళ్ళమ్మ అడిగిన కాయితం సంగతి ఆమెకు చెప్పాను. తెలుసట. వాళ్ళమ్మ చెప్పిందట. ఆమె కాసేపు ఏమీ అనలేదు. పెట్టెలో బొగ్గులు కదిపి, మరో చొక్కా పరుచుకుని, "వదినా, గిప్పుడు రాసుకున్నవన్నీ ఒకనాడు మాకు సదివి చెప్తవా? మేం చెప్పింది చెప్పినట్టే రాసినవో లేదో చూసుకుంటం" అంది.

వచ్చేనెల వెళ్తున్నాను చదివి వినిపించడానికి. ఎన్నో సభల్లో పత్రాలు చదివాను గానీ, ఇంత భయం ఎప్పుడూ వేయలేదు.